న్యూట్రల్ తెగితే...

సాయంత్రం. ఉన్నట్టుండి హాల్లో బల్బు భగ్గున వెలుగుతుంది. ఫ్యాను ఎన్నడూ లేనంత జోరుగా తిరుగుతుంది. ఇంతలో టీవీలోంచి పొగ! పక్కింటికెళ్లి చూస్తే అక్కడ లైట్లు గుడ్డిగా మినుకుమంటుంటాయి. అందరూ 'హైవోల్టేజీ వచ్చింది' అనుకుంటారు. ఇంట్లో ట్రిపుల్‌ఈ చదివే కుర్రాడుంటే మాత్రం 'న్యూట్రల్ తెగినట్టుంది' అంటాడు. అతనికి ఆ సంగతి నేర్పింది సర్క్యూట్ థియరీ.

'ఇన్ని లెక్కలు ఎందుకు పనికొస్తాయి' అని విద్యార్థులు విసుక్కునే సబ్జెక్టు అది. దానికి పునాది రెండు సూత్రాలు. తీగలు కలిసేచోటికి ఎంత కరెంటు వస్తుందో అంతే బయటికి పోవాలి. సర్క్యూట్లో ఓ చుట్టు తిరిగి మొదటికొస్తే వోల్టేజీల పెరుగుదల, తగ్గుదల సరిపోవాలి. వీటిని గుస్టావ్ కిర్కాఫ్ 1845లో చెప్పాడు. అప్పటికి ఆయన వయసు 21. ప్రష్యాలోని కోనిగ్స్‌బెర్గ్ యూనివర్సిటీలో ఇంకా చదువుకుంటున్నాడు. ఇన్ని తరాల విద్యార్థులను తిప్పలు పెడుతున్నదీ ఓ విద్యార్థేనన్నమాట!

మన వీధిలోకి వచ్చే లైన్లలో మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ ఉంటాయి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు. రెండు ఫేజుల మధ్య అయితే 400. ఒక ఫేజు మీదున్న ఇంట్లో 1000 వాట్ల ఇస్త్రీపెట్టె, మరో ఫేజు మీదున్న ఇంట్లో 100 వాట్ల బల్బు మాత్రమే వాడుతున్నారనుకుందాం. రెండిళ్లకూ ఉమ్మడిగా ఉన్న న్యూట్రల్ ట్రాన్స్‌ఫార్మర్ వైపు తెగితే, కరెంటుకు తిరుగుదారి ఉండదు. ఒకింట్లోంచి రెండోదాంట్లోకి పోవాల్సిందే. ఇస్త్రీపెట్టె కన్నా బల్బు నిరోధం 10 రెట్లు ఎక్కువ. అందుకే 400 వోల్టుల్లో సుమారు 364 దాని మీదే పడతాయి. ఇస్త్రీపెట్టెకు మిగిలేది 36. కరెంటు తక్కువ వాడే ఇంటికే దెబ్బ ఎక్కువన్నమాట. ఇదేం న్యాయమో!

ఫ్యూజు కాపాడుతుందిగా అంటారా? అది చూసేది కరెంటునే, వోల్టేజీని కాదు. పైగా టీవీ దెబ్బతినడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే ఒక ఇంట్లో లైట్లు మరీ ఎక్కువగా, పక్కింట్లో మరీ తక్కువగా వెలుగుతున్నాయంటే రెండిళ్లవాళ్లూ వెంటనే మెయిన్ స్విచ్ ఆపేయాలి. లైన్‌మన్ వచ్చి సరిచేశాకే మళ్లీ వేసుకోవాలి. వోల్టేజీ హద్దు దాటగానే సరఫరా ఆపేసే పరికరాలూ దొరుకుతున్నాయి. ఎలక్ట్రీషియన్‌తో ఒకటి పెట్టించుకోవచ్చు.