గుహ పైన కూడా ఒక పాఠం ఉంది

రాయలసీమలో ఏ స్కూల్ టూర్ వేసినా లిస్టులో బెలుం గుహలు ఉండాల్సిందే. బస్సు దిగడం, టికెట్లు తీసుకోవడం, రంగు లైట్ల కింద ఫొటోలు, పాతాళగంగ దాకా వెళ్ళి రావడం, పులిహోర పొట్లాలు, మళ్ళీ బస్సు. మాది తాడిపత్రి వైపు కాబట్టి ఈ తంతు నేను చాలాసార్లు చూశాను. "ఏం చూశారు?" అని పిల్లల్ని అడిగితే "చాలా చల్లగా ఉంటుందనుకున్నాం, లోపల ఉక్కపోత" అంటారు. అంతే. ఆ ఉక్కపోత ఎందుకు అన్నది వాళ్ళకెవరూ చెప్పలేదు.

బెలుం దగ్గర చిన్నదైనా సరే, ఒక ప్రకృతి పార్కు ఉండాలన్నది నా అభిప్రాయం. ఊయలలు, జారుడుబల్లల పార్కు కాదు. పైన మెట్టనేలనీ కింద గుహనీ కలిపి చదివించే పార్కు.

ఎందుకంటే ఇక్కడ పైనా కిందా ఉన్నది ఒకటే కథ, నీటి కథ. వాన నీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. అది సున్నపురాయి పగుళ్ళలోకి దిగి, లక్షల ఏళ్ళలో రాయిని కరిగించి దారులు చేసుకుంటుంది. బెలుంలో అలాంటి దారులు కొలిచినంతవరకే 3,229 మీటర్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. 1982-83లో డేనియల్ గెబావర్ బృందం లోపలికి వెళ్ళి కొలిచింది. నీళ్ళు లేవని పేరుపడ్డ సీమలో, నీళ్ళే తొలిచిన గుహ ఇది. ఇంతకన్నా మంచి సైన్సు పాఠం ఏ పుస్తకంలో దొరుకుతుంది?

దీనికి పెద్ద ల్యాబ్ కూడా అక్కర్లేదు. మన ఇళ్ళలో పరిచే కడప బండ కూడా సున్నపురాయే. వంటగట్టు మీద నిమ్మరసం పడితే మరక పోదని అమ్మలందరికీ తెలుసు. బండల షాపులో పారేసిన ముక్కను కాస్త గీకి, ఆ పొడి మీద నిమ్మరసం వేస్తే బుడగలు వస్తాయి. గుహ ఎలా పుట్టిందో ఆ బుడగల్లో కనబడుతుంది. బోరు నీళ్ళు కాచిన గిన్నెలో అడుగున పట్టే తెల్లటి పొర ఉంది చూశారూ, గుహ పైకప్పు నుంచి వేలాడే స్టాలక్టైట్‌లో ఉన్నదీ అదే పదార్థం, కాల్షియం కార్బొనేట్. ఇంట్లో పొర కొన్ని రోజుల్లోనే పడుతుంది. గుహలో అది మిల్లీమీటరు పెరగడానికి ఏళ్ళు పట్టొచ్చు. ఈ సంగతి తెలిసిన పిల్లవాడు దాన్ని విరిచి జేబులో వేసుకోడు.

ఇక పైన. అనంతపురంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఇది ఎడారి కాదు, కానీ ఎడారి పాఠాలు చాలానే ఉన్నాయి. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి ఇసుకను గాలి ఎత్తుకొచ్చి పొలాల మీద దిబ్బలు పోస్తుంది. నాగజెముడులో మనం ఆకు అనుకునేది కాండం, ముల్లే ఆకు. ఆ మొక్క పగలంతా రంధ్రాలు మూసుకుని రాత్రిపూట గాలి పీలుస్తుంది. మండుటెండలో నీరు పోగొట్టుకోకుండా అది పడే పాట్లివి.

ఇదంతా కుదిరే పనేనా అంటే, జోధ్‌పూర్‌లో కుదిరింది. మెహ్రాన్‌గఢ్ కోట పక్కన 70 హెక్టార్ల రాతినేల నిండా ఒకప్పుడు మనం సర్కారు తుమ్మ అనే విదేశీ చెట్టే ఉండేది. 2006లో పని మొదలుపెట్టి, రాళ్ళు కొట్టే స్థానిక ఖండ్వాలియాల చేత రాతి పగుళ్ళలోంచి దాని వేళ్ళు పీకించి, ఆ గుంతల్లోనే థార్ ఎడారి మొక్కలు నాటారు. 2011లో రావ్ జోధా డెజర్ట్ రాక్ పార్కుగా తెరిచారు. చదువుకున్నవాళ్ళ ప్లానుతో పాటు రాయి తెలిసినవాళ్ళ చెయ్యి కూడా పడబట్టే ఆ పని అయింది. రాయి తెలిసినవాళ్ళకు మన కొలిమిగుండ్ల, బేతంచర్లల్లో కొదవా?

అమెరికాలోని కార్ల్స్‌బాడ్ గుహలు చివావా ఎడారిలోనే ఉన్నాయి. అక్కడ వేసవి సాయంత్రాల్లో గుహలోంచి గబ్బిలాలు లేచే వేళకు జనం ఫోన్లు ఆపేసి కూర్చోవాలి. రేంజర్ చెబుతుంటే వింటారు. కింద నిద్రపోయే జీవి పైన ఎడారిలో పురుగుల్ని తింటుందని అక్కడి పిల్లలకు కళ్ళారా తెలుస్తుంది.

"పిల్లలు ఎంజాయ్ చేయడానికొస్తారు, మళ్ళీ క్లాసు పీకుతారా?" అని కొందరు అంటారు. నిజమే, క్లాసు వద్దు. ఒక్క నిమిషం లైట్లన్నీ ఆపి, అసలైన గుహ చీకటిని చూపిస్తే చాలు, ప్రశ్నలు వాళ్ళే అడుగుతారు. లైట్ల దగ్గర రాతికి పచ్చటి నాచు ఎందుకు పడుతుందో అప్పుడు చెప్పొచ్చు.

నాకు అసలు బాధ ఇంకొకటి. మన పిల్లలు "మా ఊళ్ళో ఏముంది, రాళ్ళూ ముళ్ళూ తప్ప" అనడం నేర్చుకుంటున్నారు. చదువంటే ఈ నేలను వదిలిపోవడమే అనుకుంటున్నారు. ఆ రాళ్ళకూ ముళ్ళకూ ఎంత తెలివి ఉందో చూపించకపోతే తప్పు పిల్లలది కాదు.

పార్కు కట్టాల్సింది ప్రభుత్వమే. కానీ అది వచ్చేదాకా మనమేమీ ఆగక్కర్లేదు. మన కాలేజీలో సివిల్ వాళ్ళకు రాళ్ళు తెలుసు, కెమికల్ వాళ్ళకు ఆమ్లాలు తెలుసు, మన క్లబ్బుకు తెలుగు తెలుసు. ఎనిమిది పేజీల బొమ్మల పుస్తకం, ఒక థర్మామీటరు, నాలుగు బండముక్కలు, అరడజను నిమ్మకాయలు. వచ్చే టూర్ సీజనుకు ఒక్క సర్కారు బడితోనైనా మొదలుపెడదామా?