మూడో డిస్కూ పోయింది

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే ఎదురింటి పెద్దాయన లాప్‌టాప్ చంకలో పెట్టుకొని వచ్చినారు. "ఏమప్పా, ఇది మళ్లీ పండుకుంది" అన్నారు. బిన్నీ మిల్లు స్పిన్నింగ్‌లో రింగ్ ఫ్రేముల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. లాప్‌టాప్ మనవరాలిది, బి.కాం. చదువుతోంది. ఎస్.పి. రోడ్డులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. ఏడాదిన్నరలో పోయిన హార్డ్ డిస్కుల్లో ఇది మూడోది.

మొదటిది పోయినప్పుడు రిపేరు షాపతను పాతది తీసుకొని కొత్తది వేసినాడు. దాంతో పాటే ఆ అమ్మాయి అక్క పెళ్లి ఫోటోలూ పోయినాయి. రెండోసారి మాత్రం అమ్మాయి పోయిన డిస్కు అడిగి తెచ్చుకొని బీరువాలో పెట్టింది. అందులో తాత సర్వీసు సర్టిఫికెట్టు, పి.ఎఫ్. కాగితాలు స్కాన్ చేసి ఉన్నాయి. అసలు కాగితాలు వానకు ఇల్లు కారి తడిసి, అక్షరాలు అలుక్కుపోయినాయి.

నేనూ మొదట తప్పుగానే ఆలోచించినాను. "ఈసారి ఎస్.ఎస్.డి. వేయిద్దాం పెద్దయ్యా, అందులో తిరిగే పళ్లెం ఉండదు, కుదుపులకు తట్టుకుంటుంది" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"ఒకే కదురు మీద పోగు మాటిమాటికీ తెగుతుంటే దూది మారుస్తామా? రింగు చూస్తాం, ట్రావెలర్ అరిగిందేమో చూస్తాం. మూడు డిస్కులూ చెడ్డవేనా?"

నా దగ్గర జవాబు లేదు. బీరువాలోని రెండో డిస్కు తెప్పించి, యు.ఎస్.బి. కేసులో పెట్టి నా కంప్యూటర్‌కు తగిలించినాను. ఏమీ కానట్టు తెరుచుకుంది! పెద్దాయన కాగితాలన్నీ వెంటనే వేరే చోటికి కాపీ చేసినాను. మీకైనా ఇదే చెప్తాను. డిస్కు తెరుచుకున్న నిమిషంలో ముందు కాపీ, తర్వాతే రిపేరు. కాపీ కాకముందు విండోస్ అడిగిందని డిస్కు చెక్ నడపొద్దు, నిజంగా చావబోయే డిస్కయితే అదే ఆఖరి దెబ్బ కావచ్చు.

తర్వాత క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో చూసినాను. (కొన్ని చవక కేసుల్లో ఈ వివరాలు రావు.) అందులో మూడు వరుసలు చాలు. 05, సి5 వరుసల్లో అంకె పెరుగుతుంటే పళ్లెం మీదే చోట్లు పాడవుతున్నాయని అర్థం, డిస్కు మార్చాల్సిందే. సి7 వేరు. డిస్కుకూ బోర్డుకూ మధ్య దారిలో సమాచారం చెడిన ప్రతిసారీ అది పెరుగుతుంది. మా రెండు డిస్కుల్లోనూ 05, సి5 సున్నాలే. సి7 మాత్రం బాగా ఎక్కింది.

అడుగు మూత విప్పితే దొంగ దొరికినాడు. ఈ మోడల్లో డిస్కును బోర్డుకు కలిపేది కాగితమంత పలచని పట్టీ. అది ఒక అంచు దగ్గర మడత పడి రాసుకుపోయింది. డిస్కును పట్టి ఉంచే 4 స్క్రూల్లో 2 లేవు, మార్చినవాళ్లు తిరిగి వేయలేదు. బ్యాగులో కదిలినప్పుడల్లా డిస్కు ఆ పట్టీని లాగుతూ వచ్చింది. పట్టీ తంటా ఈ ఒక్క లాప్‌టాప్‌దే కాదు, 2012 నాటి 13 అంగుళాల మాక్‌బుక్ ప్రో విప్పిన మెకానిక్కులను అడగండి, చెప్తారు.

పట్టీ మీదున్న పార్ట్ నంబరు ఫోటో తీసుకొని ఎస్.పి. రోడ్డులో నాలుగు షాపులు తిరిగితే దొరికింది, 650 రూపాయలు. స్క్రూలు ఊరికే ఇచ్చినారు. "పోయింది" అన్న మూడో డిస్కునే మళ్లీ బిగించినాను.

మీ ఇంట్లో డిస్కు టిక్కు టిక్కుమని కొట్టుకుంటుంటే మాత్రం ఇవేవీ చేయకుండా ఆపేయండి. అడుగున బ్యాటరీ ఉబ్బి ఉన్నా అంతే, ముందు దాన్ని తీయించాలి. పరుపు మీద పెట్టి గాలి రంధ్రాలు మూయడం కూడా మానండి, లాప్‌టాప్ డిస్కులకు చాలావాటికి 60 డిగ్రీలే హద్దు.

సి7 అంకె రిపేరయ్యాక తగ్గదు, పెరగకపోతే చాలు. అమ్మాయి రోజూ నోట్సు వెనక పేజీలో రాసుకుంటోంది. ఇరవై రోజులుగా అదే అంకె. పెద్దాయన కాగితాలు రెండు సెట్లు ప్రింటు తీయించి ఒకటి నా దగ్గరే పెట్టినారు. షాపుకు ఇచ్చేసిన ఆ మొదటి డిస్కూ బాగానే ఉండి ఉంటుందని అమ్మాయికి ఇంకా చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

వచ్చే నెల మిక్సీ జారు అడుగున నీళ్లు కారడం గురించి.