పాత పేపరుకు ఎన్ని చేతులో!

‘పాత పేపర్లు కొంటం... పాత పుస్తకాలు కొంటం...’

కరీంనగర్‌లోనైనా, మంచిర్యాలలోనైనా, ఆదిలాబాద్‌లోనైనా పొద్దెక్కాక గల్లీల్లో వినిపించే కేక ఇది. ఇల్లాలు అటక మీది కట్ట దించుతుంది. కాటా మీద ఓ కన్నేసి ఉంచుతుంది. ‘కిలోకు ఇంకో రూపాయి వెయ్యి తమ్మీ’ అంటుంది. ‘గిట్టుబాటు కాదక్కా’ అంటాడతను. కాసేపటికి బేరం కుదురుతుంది. ఆ ఇంటికి సంబంధించినంత వరకూ పని అయిపోయినట్టే. పేపరు ప్రయాణం మాత్రం అప్పుడే మొదలవుతుంది.

బండి నుంచి బేలు దాకా...

బండి తోసే మనిషికి సొంత పెట్టుబడి ఉండటం తక్కువ. పొద్దున్నే స్క్రాప్ దుకాణం యజమాని కొంత డబ్బు చేతిలో పెడతాడు. దాంతో రోజంతా తిరిగి కొన్న సరుకు సాయంత్రం అదే దుకాణంలో తూకం వెయ్యాలి. డబ్బిచ్చిన వాడు చెప్పిందే ధర. కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య మిగిలిన ఆ కాస్తే అతని కూలి. బండి కూడా లేనివాళ్లది ఇంకో మెట్టు కింద. సంచి భుజాన వేసుకుని దుకాణాల ముందూ చెత్తకుప్పల దగ్గరా ఏరుకుంటారు.

బయటివాళ్లకు అంతా చిత్తు కాగితమే. స్క్రాప్ దుకాణంలో మాత్రం దేని కుప్ప దానిదే! న్యూస్‌పేపర్లు ఒకవైపు. నోటు పుస్తకాలు, ఆఫీసు కాగితాలు మరోవైపు. తెల్లటి గుజ్జు వస్తుంది కాబట్టి వీటికి ధర ఎక్కువ. అట్టపెట్టెలు వేరు, రంగుల పత్రికలు, పెళ్లి కార్డులు వేరు. పిన్నులు పీకాలి, ప్లాస్టిక్ అట్టలు చింపేయాలి. ఆ తర్వాత ప్రెస్ మిషన్‌లో నొక్కి బేళ్లు కడతారు. లోడు అయ్యాక లారీ పెద్ద వ్యాపారి గోదాముకు, అక్కడి నుంచి మిల్లుకు వెళ్తుంది. ధర ఎటు బాగుంటే దారి అటు.

మిల్లులో జరిగేది ఒకరకంగా రుబ్బుడే. నీళ్లు పోసిన పెద్ద తొట్టిలో కాగితాన్ని గుజ్జు చేస్తారు. ఇనుప ముక్కలూ ఇసుకా వడకడతారు. తెల్ల కాగితం కావాలంటే సిరా కూడా వదిలించాలి. అట్టపెట్టెల కాగితానికి ఆ తిప్పలు అంతగా ఉండవు. అయితే రుబ్బిన ప్రతిసారీ కాగితంలోని నార పొట్టిదవుతుంది. అందుకే ఒక నారను 5 నుంచి 7 సార్లకు మించి వాడటం కష్టం. నిన్నటి పేపరు రేపు గుడ్ల ట్రేగా మారేది ఇందుకే!

కాగితం పేరే ఊరి పేరు

ఈ ప్రాంతానికి కాగితంతో బంధం ఇవాళ్టిది కాదు. జగిత్యాల దగ్గరి కోరుట్లలో నిజాం కాలంలో చేత్తో కాగితం తయారుచేసేవారు. పట్వారీలు ఊరి లెక్కలు రాసుకోవడానికి దాన్ని వాడేవారు. అప్పట్లో మన దేశంలో చేతి కాగితానికి ముడిసరుకు ఏమిటంటే... చిరిగిన గోనెసంచులు, పాత తాళ్లు, గుడ్డ పేలికలు, చిత్తు కాగితాలు. రీసైక్లింగ్ అన్న మాట పుట్టకముందే ఆ పని ఉందన్నమాట.

1938లో సిర్పూర్ పేపర్ మిల్స్ ఏర్పడింది. 1942లో ఉత్పత్తి మొదలైంది. మిల్లు పుణ్యమా అని కొత్తపేట కాస్తా కాగజ్‌నగర్ అయింది. ఆదిలాబాద్ అడవుల్లోని వెదురే ఆ మిల్లును ఇక్కడికి రప్పించింది. తర్వాత జామాయిల్, సుబాబుల్ కర్రా తోడయ్యాయి. 2014లో మిల్లు మూతపడితే ఊరంతా పొయ్యిలో పిల్లి లేవని ఇల్లయింది. 2018లో జేకే పేపర్ చేతికి వచ్చాక ఊరు మళ్లీ ఊపిరి పీల్చుకుంది. మిల్లు గొట్టం ఆగితే వార్త అవుతుంది, నాయకులు వస్తారు. తోపుడు బండి ఆగితే మాత్రం ఎవరికీ తెలియదు. తేడా అల్లా అదే.

ధర చైనాలో... దెబ్బ గల్లీలో

బండి ఆగడానికి కారణం ఒక్కోసారి సముద్రాల అవతల ఉంటుంది. ప్రపంచంలో చిత్తు కాగితం అందరికన్నా ఎక్కువగా కొన్న దేశం చైనా. 2018లో అది నిబంధనలు బిగించింది. 2021 నుంచి పూర్తిగా మానేసింది. అమెరికా, ఐరోపాల బేళ్లు మనలాంటి దేశాల వైపు తిరిగాయి. ఇక్కడ పోగయ్యేది చాలక మన మిల్లులు విదేశీ సరుకూ కొంటాయి. అది చవగ్గా దొరికితే స్థానిక ధర పడిపోతుంది. మిల్లు వ్యాపారికి తగ్గిస్తుంది, వ్యాపారి దుకాణానికి, దుకాణం బండివాడికి. అతను ఎవరికి తగ్గించాలి? ఇల్లాలు ఒప్పుకోదు కదా!

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడైతే కేకే వినపడలేదు. కాలనీల్లోకి రానివ్వలేదు. భయంతో చాలా ఇళ్లలో పేపరు వేయించుకోవడమే మానేశారు. రోజు కూలి మీద బతికే ఈ మనుషులకు పీఎఫ్ లేదు, సెలవు జీతం లేదు.

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు వీళ్లను కాస్త పట్టించుకున్నాయి. చెత్త ఏరుకునేవాళ్లను నమోదు చేయాలనీ, ఇంటింటి సేకరణలో చోటు కల్పించాలనీ చెప్పాయి. కాగితం మీద ఉన్న ఆ మాట కాగితం ఏరే మనిషి దాకా చేరాలి.

ఇంట్లో చేయగలిగింది

ధర నిర్ణయించడం ఇంటివాళ్ల చేతుల్లో లేదు. విలువ పోకుండా చూడటం మాత్రం వాళ్ల చేతుల్లోనే ఉంది. తడి తగిలితే కాగితం బరువు పెరుగుతుంది, బూజు పడుతుంది. మిల్లువాళ్లు తడికి కోత పెడతారు. కోత చివరికి ఎవరి మీద పడుతుందో తెలిసిందే. వానాకాలంలో కట్టను బాల్కనీలో కాకుండా లోపల పెడితే సగం మేలు. పరీక్షలయ్యాక పిల్లల నోటు పుస్తకాలు పేపర్లలో కలిపేయకుండా విడిగా కడితే ఇంటికీ, బండికీ ఇద్దరికీ లాభమే. నూనె అంటిన కాగితం, టీ తాగిన కప్పులు, ఏటీఎం చీటీలు ఆ కట్టలో వేయకూడదు. కప్పుకు లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది, చీటీకి రసాయనాల పూత ఉంటుంది.

ఇంకోమాట... మిరపకాయ బజ్జీలు పేపరులో చుట్టి ఇస్తే వద్దనండి. సిరాలోని రసాయనాలు ఒంటికి మంచివి కావని ఆహార భద్రత సంస్థ 2016లోనే హెచ్చరించింది. పైగా నూనె పీల్చిన పేపరు మళ్లీ గుజ్జుగా మారడానికి పనికిరాదు.

పొడిగా, విడిగా. రెండే మాటలు! ఖర్చు లేని ఈ చిన్న జాగ్రత్తతో కొంత అడవి నిలుస్తుంది. బండి తోసే మనిషి కూలీలో కోత తగ్గుతుంది.