బోర్డు పోయిందని అప్పుడే అనకండి

ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే మన విశాఖలో పిల్లల హడావుడి అంతా ఇంతా కాదండీ. కంచరపాలెం పాలిటెక్నిక్ నుంచి మధురవాడ కాలేజీల దాకా ఎవర్ని కదిపినా ఏదో ఒకటి చేస్తుంటారు. ట్యాంకు నిండగానే మోటారు ఆపేదొకరు, గ్యాసు లీకైతే బజర్ మోగించేదొకరు, నల్ల గీత పట్టుకుని నడిచే బండి కట్టేది ఇంకొకరు. అందరి చేతుల్లోనూ ఆ చిన్న బోర్డే. ఆర్డ్యూనో ఊనోనో, నానోనో, ఈఎస్‌పీ32నో. గడువు దగ్గరపడేసరికి అందరిదీ ఒకటే గోల: "అన్నా, ప్రోగ్రాం ఎక్కట్లేదు. బోర్డు పోయిందన్నా!"

ఆ మాటతోనే డాబాగార్డెన్స్ వెళ్లి కొత్త బోర్డు కొనేస్తారు. మళ్లీ అదే ఎర్రర్. ఎందుకంటే కొత్త బోర్డుని కూడా ఆ పాత కేబుల్‌కే తగిలిస్తారు కదా! అమ్మానాన్న ఇచ్చిన డబ్బులు అలా రెండుసార్లు ఖర్చవుతుంటే నాకు నిజంగా కష్టంగా ఉంటుంది. ప్రోగ్రాం ఎక్కనంత మాత్రాన చిప్పు పోయినట్టు కాదండీ. కంప్యూటర్ నుంచి చిప్పు దాకా ఉన్న దారిలో ఎక్కడో అడ్డం పడింది, అంతే. ఆ చోటు ఎక్కడో పట్టుకోవాలి.

గాజువాకలో, ఉక్కునగరంలో స్టీల్ ప్లాంట్ మెయింటెనెన్స్‌లో పనిచేసిన పెద్దవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లని అడిగి చూడండి. మోటారు తిరగట్లేదంటే ముందే మోటారు విప్పరు. సప్లై ఉందా అని చూస్తారు. ఉంటే, సిగ్నల్ ఎక్కడిదాకా వస్తోందో దారి మధ్యలో మీటరు పెట్టి చూస్తారు. అక్కడిదాకా వస్తే తప్పు అవతలి సగంలో, రాకపోతే ఇవతలి సగంలో. మన బోర్డుకీ ఇదే పద్ధతి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. కేబులు, పోర్టు, డ్రైవరు, కోడు అన్నీ ఒకేసారి మార్చేస్తే, పనిచేసినా ఏది మారితే పనిచేసిందో తెలీదు.

భయం కూడా వద్దండీ. ఆర్డ్యూనో 2005లో ఇటలీలోని ఇవ్రేయా ఊళ్లో, డిజైన్ చదివే విద్యార్థుల కోసం పుట్టింది. ఎలక్ట్రానిక్స్ రానివాళ్లు కూడా తప్పులు చేసుకుంటూ నేర్చుకోవాలనే దాని ఉద్దేశం. ఊనోలో ఉండే ఏటీమెగా328పీ చిప్పు ఏవీఆర్ కుటుంబానిది. నార్వేలోని ట్రాన్‌హైమ్‌లో ఇద్దరు విద్యార్థుల బుర్రలో మొలకెత్తిన డిజైన్ అది. అట్మెల్ కంపెనీ దాన్ని చిప్పుగా తెచ్చింది, 2016లో ఆ అట్మెల్‌ని మైక్రోచిప్ కొనుక్కుంది. దాని ఫ్లాష్ మెమరీని 10,000 సార్లు చెరిపి రాయొచ్చని తయారుచేసినవాళ్లే రాసిచ్చారు. ఒక సాయంత్రం కూర్చుని మళ్లీ మళ్లీ ఎక్కించినంత మాత్రాన అది అరిగిపోదు.

సరే, పనిలోకి వద్దాం. మొదట చూడాల్సింది కేబుల్. పాత ఫోన్లతో, పవర్ బ్యాంకులతో వచ్చే యూఎస్‌బీ కేబుళ్లలో కొన్నిట్లో కరెంటు తీగలు తప్ప డేటా తీగలు ఉండవు. బోర్డు మీద లైటు వెలుగుతుంది, మనమేమో అంతా బాగుందనుకుంటాం. కంప్యూటర్‌కి మాత్రం అక్కడో బోర్డు ఉందనే తెలీదు. తేల్చుకోవడం తేలిక: ఆ కేబుల్‌తో ఫోన్‌లోని ఫొటోలు కంప్యూటర్‌లోకి వస్తే డేటా తీగలు ఉన్నట్టే.

తర్వాత పోర్టు. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, బోర్డు పీకినప్పుడు ఏ కామ్ నంబరు మాయమవుతోందో, పెట్టినప్పుడు ఏది వస్తోందో చూడండి. మీ పోర్టు అదే. మన మార్కెట్లో చవగ్గా దొరికే బోర్డుల్లో ఎక్కువ వాటిల్లో సీహెచ్340 అనే యూఎస్‌బీ చిప్పు ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో దాని పేరు పక్కన పసుపు రంగు ఆశ్చర్యార్థకం కనిపిస్తే డ్రైవర్ వేసుకోవాలి. లైనక్స్ వాడేవాళ్లకి "పర్మిషన్ డినైడ్" వస్తే, మీ యూజర్‌ని డయలౌట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ చేసి మళ్లీ లాగినవ్వండి. ఉబుంటు 22.04లో ఇంకో తంటా ఉంది. బ్రెయిలీ తెరల కోసం పెట్టిన బీఆర్‌ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాం, సీహెచ్340ని చూసి తన పరికరమే అనుకుని పట్టేసుకుంటుంది. పోర్టు ఇలా కనిపించి అలా మాయమవుతుంది. మీ ఇంట్లో బ్రెయిలీ తెర వాడేవాళ్లు ఎవరూ లేకపోతే ఆ ప్యాకేజీ తీసేయండి, గొడవ వదిలిపోతుంది.

పోర్టు కనిపిస్తోంది, అయినా ఎర్రర్. ఎర్ర అక్షరాల్లో "నాట్ ఇన్ సింక్" అంటూ పది ప్రయత్నాల దాకా లెక్కపెడుతుంది. దీన్ని చూసే పిల్లలు హడలిపోతారు. దాని అర్థం "నేను పిలుస్తున్నా, అవతలి నుంచి సరైన జవాబు రావట్లేదు" అని, అంతే.

ఇక్కడ జరిగేదేంటో ఒక్కసారి తెలుసుకుంటే సగం బెంగ పోతుందండీ. అప్‌లోడ్ నొక్కగానే కంప్యూటర్ డీటీఆర్ అనే సిగ్నల్‌ని కిందికి లాగుతుంది. బోర్డు మీదున్న 100 నానోఫారడ్ కెపాసిటర్ దాన్ని చిన్న పల్సుగా మార్చి చిప్పుని రీసెట్ చేస్తుంది. చిప్పు లేవగానే మీ ప్రోగ్రాం కాదు, బూట్‌లోడర్ అనే బుల్లి ప్రోగ్రాం ముందు నడుస్తుంది. కొత్త సరుకేమైనా వస్తోందా అని సుమారు ఓ సెకను చూస్తుంది. రాకపోతే పాత ప్రోగ్రాంకి దారి వదిలేస్తుంది. జగదాంబ సెంటర్లో సిటీ బస్సు ఆగీ ఆగనట్టు ఆగుతుంది చూడండి, అలాగన్నమాట. ఆ క్షణంలో ఎక్కితే ఎక్కినట్టు, లేకపోతే బస్సు వెళ్లిపోతుంది.

అందుకే ఆటోమేటిక్ రీసెట్ సరిగా జరగని బోర్డయితే, తెర మీద "అప్‌లోడింగ్" అని పడగానే రీసెట్ బటన్ మీరే నొక్కి వదలండి. 0, 1 పిన్నులకి బ్లూటూత్ మాడ్యూలో, జీపీఎస్సో తగిలించి ఉంటే పీకేయండి. కంప్యూటర్ మాట్లాడేది కూడా ఆ రెండు పిన్నుల మీదే కాబట్టి, ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే చిప్పుకి ఏదీ వినపడదు. నానో బోర్డయితే మెనూలో "ఓల్డ్ బూట్‌లోడర్" ఎంచుకుని చూడండి. పాత నానోలు 57600 వేగంతో మాట్లాడతాయి, 2018 నుంచి వచ్చిన అసలు నానోలు 115200తో. చవక బోర్డుల్లో ఇప్పటికీ పాతదే వేసి అమ్ముతుంటారు. నానోతో తంటాలు పడేవాళ్లలో ఎంతోమందికి ఈ ఒక్క క్లిక్కుతోనే పని జరిగిపోతుంది.

అప్పటికీ ఎక్కలేదా? ఇప్పుడు దారి మధ్యలో మీటరు పెడదాం. దీన్ని లూప్‌బ్యాక్ అంటారు. ప్రతి విద్యార్థికీ రావాలని నేను గట్టిగా కోరుకునే పరీక్ష ఇదే. ఊనోలో రీసెట్ పిన్నుని ఒక వైరుతో గ్రౌండ్‌కి కలపండి. దాంతో పెద్ద చిప్పు, అంటే ఏటీమెగా328పీ, నిద్రపోతుంది, తన పిన్నులన్నీ వదిలేస్తుంది. ఇంకో వైరుతో 0, 1 పిన్నుల్ని కలపండి. సీరియల్ మానిటర్ తెరిచి మీ పేరు టైపు చేసి పంపండి. పేరు తిరిగొచ్చిందా? అయితే కంప్యూటర్, డ్రైవర్, కేబుల్, యూఎస్‌బీ చిప్పు నాలుగూ బాగున్నట్టే, తప్పు రీసెట్ దగ్గరో పెద్ద చిప్పులోనో ఉంది. రాలేదా? పెద్ద చిప్పుని అనుమానించే పనే లేదు, మళ్లీ కేబుల్ నుంచి మొదలెట్టండి. రెండు వైర్లతో, పైసా ఖర్చు లేకుండా, తప్పు ఏ సగంలో ఉందో తేలిపోయింది చూశారా!

పెద్ద చిప్పు వైపు అని తేలినా ఆశ వదులుకోకండి. చాలాసార్లు బూట్‌లోడర్ చెడి ఉంటుంది, చిప్పు మాత్రం బాగానే ఉంటుంది. స్నేహితుడి దగ్గర ఇంకో ఊనో ఉంటే అడిగి తెచ్చుకుని, అందులో ఉదాహరణల్లో ఉండే ఆర్డ్యూనో ఐఎస్‌పీ ప్రోగ్రాం ఎక్కించండి. దాని 11, 12, 13 పిన్నుల్ని మీ బోర్డులోని అవే పిన్నులకి, దాని 10వ పిన్నుని మీ బోర్డు రీసెట్‌కి కలపండి. 5 వోల్టులు, గ్రౌండ్ కూడా కలపండి. తెచ్చుకున్న బోర్డు రీసెట్‌కి, గ్రౌండ్‌కి మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే, అది మధ్యలో తనే రీసెట్ అయిపోకుండా ఉంటుంది. "బర్న్ బూట్‌లోడర్" నొక్కండి. చిప్పు తన సంతకం చెబుతుంది. 328పీ అయితే 1ఈ 95 0ఎఫ్. మొత్తం సున్నాలో, మొత్తం ఎఫ్‌లో వస్తే ముందు వైర్లు చూసుకోండి. 1ఈ 95 14 వస్తే చిప్పు బాగానే ఉంది, కాకపోతే అది పీ లేని 328. మెనూలో మోడల్ సరిపోక వచ్చిన పేచీ అది.

ఈఎస్‌పీ32 వాడేవాళ్లకి రెండు ముక్కలు. "కనెక్టింగ్" అని చుక్కలు పడుతుంటే బూట్ బటన్ నొక్కి పట్టుకుని, రాయడం మొదలవగానే వదలండి. "బ్రౌనవుట్" అని మెసేజ్ వస్తే కరెంటు చాలట్లేదని అర్థం. సన్నటి కేబుల్ మార్చండి. వైఫై ఆన్ అయ్యేటప్పుడు అది గబుక్కున ఎక్కువ కరెంటు లాగుతుంది. ఇంకొకటి, దాని పిన్నులు 3.3 వోల్టులవి. ఊనోకి పెట్టినట్టు 5 వోల్టులు పెడితే మాత్రం చిప్పు నిజంగానే పోవచ్చు.

మనూరికి ప్రత్యేకమైన మాటొకటి చెప్పాలి. బీచ్ రోడ్డు పక్కనుండేవాళ్లకి, హార్బర్ వైపు వాళ్లకి ఇది బాగా తెలుసు. ఉప్పు గాలికి కిటికీ ఊచలే తుప్పు పడతాయి, సన్నటి హెడర్ పిన్నులెంత? రాగి మీద పచ్చటి పొర, సాకెట్లో పట్టు సడలడం, పైన ధూళి, ఆ ధూళికి చెమ్మ. నిన్న పనిచేసిన బోర్డు ఇవాళ మొరాయిస్తే పిన్నుల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి బ్రష్‌తో తుడవండి. పూర్తిగా ఆరాక పెట్టి చూడండి. బోర్డుని మూత గట్టిగా పట్టే డబ్బాలో, సిలికా జెల్ పొట్లంతో దాచుకోండి. కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే పొట్లాలు పారేయకండి, ఇందుకు పనికొస్తాయి.

ప్రోగ్రాం ఎక్కాక తిక్కగా నడిస్తే అది వేరే కథ. తెర మీద పిచ్చి అక్షరాలొస్తే కోడ్‌లో రాసిన వేగం, మానిటర్‌లో ఎంచుకున్న వేగం ఒకటేనా చూడండి. సర్వో మోటారు తిరగగానే బోర్డు రీసెట్ అవుతుంటే మోటారుకి వేరే సప్లై ఇవ్వండి, గ్రౌండ్లు మాత్రం రెండూ కలపండి. కాసేపు నడిచి ఆగిపోతుంటే ఊనోకి ఉన్న ర్యామ్ 2 కిలోబైట్లేనని గుర్తుపెట్టుకోండి. పెద్ద పెద్ద వాక్యాలు ప్రింట్ చేస్తుంటే అక్కడే నిండిపోతుంది.

ఇక కాలేజీ ల్యాబుల్లో, బళ్లలోని అటల్ టింకరింగ్ ల్యాబుల్లో ఉండే మాస్టార్లకి నా మనవి ఒకటుంది. డేటా వెళ్తుందని పరీక్షించిన కేబుళ్లకి రంగు టేపు చుట్టి ఉంచండి. ఒక ఊనోని ఐఎస్‌పీగా సిద్ధం చేసి, వైర్లతో సహా డబ్బాలో పెట్టండి. లూప్‌బ్యాక్ ఎలా చేయాలో గోడ మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించండి. ఏ పిల్లయినా, ఏ పిల్లాడైనా బోర్డు పోయిందని వస్తే ఆ గోడ దగ్గరికి పంపండి. కొత్త బోర్డు గురించి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.