పెట్టె అడుగున హాలీ నోటు

తాతల నాటి ట్రంకు పెట్టె తెరిస్తే ఏమేమి బయటపడతాయో చెప్పలేం. పొలం పత్రాలు, బాప్తిస్మపు పత్రం, పాత బైబిలు పుటల మధ్య మడిచిన ఒక నోటు. కర్నూలు వైపు కుటుంబాల్లో అది నిజాము నోటు అయినా ఆశ్చర్యం లేదు.

కారణం తుంగభద్రే. నదికి ఇవతల మదరాసు ప్రభుత్వం కింద ఉన్న కర్నూలులో కల్దారు రూపాయి చెల్లేది. అవతల ఆలంపూరు నిజాము రాజ్యం, అక్కడ హాలీ సిక్కా. 7 హాలీ రూపాయలకు 6 కల్దారు రూపాయలు. సంతకో, పెళ్లికో ఏరు దాటినవారికి రెండు లెక్కలూ తెలియవలసిందే.

మొదటి ప్రపంచయుద్ధంలో వెండి కరవై, హైదరాబాదు సంస్థానం 1918లో కాగితపు నోట్లకు చట్టం చేసింది. విలువను ఉర్దూ, ఇంగ్లీషుతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ లిపుల్లోనూ అచ్చువేశారు. వీటిలో కొన్నింటి కథ మరీ విచిత్రం. ‘ఈజిప్టు’ అనే ఓడలో ఇంగ్లండు నుండి బొంబాయికి వస్తుండగా, 1922 మే 20న ఫ్రాన్సు తీరం దగ్గర పొగమంచులో మరో ఓడ ఢీకొని అది మునిగిపోయింది. 80 మందికి పైగా చనిపోయారు. పదేళ్ల తర్వాత ఇటలీవారు బంగారం కోసం అడుగుకు దిగితే, సంతకాలు లేని హైదరాబాదు నోట్లూ పైకి వచ్చాయి! సంతకం లేని నోటు బజారులో చెల్లదు గాని, సేకరించేవారు దాన్నే వెతికి కొంటారు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాము పాలన ముగిసింది. తర్వాత కొన్నేళ్లలో హాలీ పోయి భారత రూపాయే మిగిలింది. మార్చుకున్నవారు నష్టపోలేదు. అమెరికా అంతర్యుద్ధంలో (1861–65) దక్షిణాదివారు వేసిన నోట్ల గతి వేరు. శాంతి ఒప్పందం కుదిరిన ఆరు నెలలకు సొమ్ము ఇస్తామని కొన్నింటి మీద రాశారు, పత్తి చేలో బానిసల బొమ్మలు కూడా వేశారు. వాళ్లు ఓడిపోయారు. ఆ అప్పు ఎవరూ తీర్చకూడదని 1868లో రాజ్యాంగంలోనే రాసేశారు. ఆ కాగితాలకు నేడు సేకరించేవారే దిక్కు.

ఇక అసలు సంగతి. “మీ పాత నోటుకు లక్షలిస్తాం, ముందు కమీషను, పన్ను కట్టండి” అని ఫోన్లు వస్తుంటాయి. తమ పేరు వాడుకుని జరుగుతున్న ఈ మోసం గురించి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. పాత నోట్ల వ్యవహారంలో తాము ఎవరి దగ్గరా కమీషను తీసుకోమని స్పష్టంగా చెప్పింది. నిజంగా కొనేవాడు మనకు డబ్బిస్తాడు గాని మన దగ్గర తీసుకుంటాడా? బిడ్డ ఫీజుకు దాచిన సొమ్ము ఇలా పోగొట్టుకోకండి.

నోటును ఇస్త్రీ చేయవద్దు, టేపు అతికించవద్దు, లామినేషను అసలే వద్దు. బైబిలులోంచి తీసి శుభ్రమైన తెల్లకాగితాల మధ్య, చెదలు, తేమ తగలని చోట పెట్టండి. అది ఎవరిదో, ఏ ఊరి నుండి వచ్చిందో ఇంట్లో పెద్దవారిని అడిగి వేరే కాగితం మీద రాసి దానితోపాటే ఉంచండి.