పన్నా నేర్పిన పాఠం

అడవిని కాపాడేవారు అటవీ అధికారులు. అడవిలోని జీవులను అధ్యయనం చేసేవారు శాస్త్రజ్ఞులు. ఈ ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా ఉంటే నష్టపోయేది వన్యప్రాణులే. ఇందుకు మధ్యప్రదేశ్‌లోని పన్నా పులుల అభయారణ్యమే నిదర్శనం.

అక్కడ పులులు తగ్గిపోతున్నాయని పరిశోధకులు ముందే హెచ్చరించారు. అధికారులు ఆ మాట ఒప్పుకోలేదు. 2009 నాటికి పన్నాలో ఒక్క పులి కూడా మిగలలేదు.

ఆ తరువాతే ఇద్దరూ చేతులు కలిపారు. 2009లో బాంధవ్‌గఢ్, కన్హాల నుంచి రెండు ఆడపులులను, పెంచ్ నుంచి ఒక మగపులిని తెచ్చారు. మగపులి తన పాత అడవి వైపు వెళ్లిపోయింది. దాని మెడకు కట్టిన రేడియో కాలరు సంకేతాలు జాడ తెలిపాయి. సిబ్బంది వారాల తరబడి వెంబడించి, మత్తుమందు ఇచ్చి వెనక్కి తెచ్చారు. 2010 ఏప్రిల్‌లో పన్నాలో పులి పిల్లలు పుట్టాయి. 2022 గణనలో అక్కడి పులులు 50కి పైగా ఉన్నాయి.

ఇది గొప్ప విజయమే. కాని చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ప్రతిచోటా సాధ్యం కాదు. తెచ్చుకోవడానికి వేరే అడవుల్లో పులులు ఉన్నాయి కనుక పన్నా బతికింది. బట్టమేకపిట్ట వంటి జీవులకు ఆ అవకాశం చాలా తక్కువ. అందుకే శాస్త్రజ్ఞుల హెచ్చరికను అధికారులు విమర్శగా కాక, సాయంగా స్వీకరించాలి.