గోడ పగిలితే రుజువు ఎవరు చూపాలి?

గ్యాసు బావుల పక్కన కోనసీమ ఇళ్ల గోడు

రాజోలు (మా విలేఖరి): కొబ్బరితోటల మధ్య పెద్ద గొట్టం కొసన మంట కనిపిస్తే ఆ ఊళ్లో గ్యాసు పడిందని కొత్తవారికైనా తెలిసిపోతుంది. ఆ మంట పక్కన కాపురం ఎలా ఉంటుందో మాత్రం అక్కడ ఇల్లున్నవారికే తెలియాలి. కోనసీమలో బావుల చుట్టుపక్కల ఉన్న ఇళ్లవారు చాలాకాలంగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. తవ్వకం తర్వాత గోడ పగిలితే, నుయ్యి నీరు మారితే, దానికి కారణం ఏమిటో తేల్చవలసిన బాధ్యత ఎవరిది?

ఈ వార్త రాస్తున్న నాకూ ఈ ప్రశ్నతో సంబంధం ఉంది. మా ఇల్లు ఒక బావికి రెండు ఫర్లాంగుల లోపే ఉంది. నాన్నగారు కట్టించిన పెంకుటిల్లు. తవ్వకం సాగినన్నాళ్లూ రిగ్గు రాత్రింబగళ్లు ఆగలేదు. జనరేటర్ల హోరు, కిటికీలోంచి కళ్లలో పడే ఫ్లడ్‌లైట్లు. ఎడ్లబండ్ల కోసం వేసిన పంచాయతీ రోడ్డు మీద పైపుల లారీలు. రిగ్గు వెళ్లిపోయాక చూసుకుంటే వంటింటి గోడకు దూలం కింద నుంచి నేల దాకా పగులు తేలింది.

అర్జీ పట్టుకుని వెళితే అక్కడి ఉద్యోగి మర్యాదగానే కూర్చోబెట్టారు. “బావి రాకముందు ఈ పగులు లేదని మీ దగ్గర కాగితం ఏదైనా ఉందాండి?” అని అడిగారు. “గోడ బాగున్నప్పుడు బాగుందని కాగితం ఎవరు రాయించుకుంటారండి?” అన్నాను. ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గర రుజువు లేదు. అర్జీ అక్కడే ఉండిపోయింది. ఆ పగులులో ఏటా సున్నం పూస్తున్నాం, ఏటా అది మళ్లీ తెరుచుకుంటోంది.

ఒక్క గోడ సంగతైతే పత్రికలో చోటు అక్కరలేదు. ఇది బావుల పక్కనున్న ఎన్నో ఇళ్ల సంగతి కనుకనే రాయవలసి వచ్చింది.

పెద్ద మంట అందరికీ కనిపిస్తుంది

పెద్ద ప్రమాదం జరిగినప్పుడు రుజువు అడిగేవారుండరు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి నుంచి గ్యాసు ఎగదన్ని అంటుకుంటే ఆ మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయ్యాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గ్యాసు పైపులైను పగిలి పేలింది. నిద్రలో ఉన్నవారు, పొయ్యి వెలిగించబోయినవారు, 20 మందికి పైగా చనిపోయారు. తేమ తీయని గ్యాసు పోవడం వల్ల పైపు లోపల తుప్పు పట్టిందని తర్వాత విచారణలో తేలింది. 2026 జనవరిలో మలికిపురం మండలం ఇరుసుమండలో పాత బావికి మరమ్మతు పని చేస్తుండగా మళ్లీ గ్యాసు ఎగజిమ్మి మంటలు లేచాయి.

ఇటువంటివి జరిగినప్పుడు మంత్రులు వస్తారు, పరిహారం ప్రకటిస్తారు. రోజూ కొద్దికొద్దిగా జరిగే నష్టం సంగతి వేరు. పగులు, హోరు, దుమ్ము, చెడిన రోడ్డు, పడిపోయిన ఇంటి ధర: వీటి కోసం ఎవరూ రారు. బావి పక్క ఇల్లు అమ్మకానికి పెడితే కొనేవాడు ముందు ఆ మంట వంక చూస్తాడు, ఆ తర్వాతే ఇంటి వంక చూస్తాడు.

పొలానికి కాగితం ఉంది, పక్కింటికి లేదు

బావి కోసం స్థలం ఇచ్చిన రైతుకు ఒప్పంద పత్రం ఉంటుంది. చాలకపోయినా ఎంతోకొంత సొమ్ము ముడుతుంది. పైపులైను పోయే భూమికి 1962 నాటి పెట్రోలియం పైపులైన్ల చట్టం ఉంది. దాని ప్రకారం భూమి రైతు పేరనే ఉంటుంది, వాడుకునే హక్కు మాత్రం పైపు వేసేవారికి పోతుంది. ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, చెట్టు నాటకూడదు, చెరువు గానీ నుయ్యి గానీ తవ్వకూడదు. ఇందుకు భూమి విలువలో నూటికి 10 వంతులు, పంటనష్టం వేరుగా ఇవ్వాలి. ప్రకటన వచ్చిన 21 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఇచ్చిన పరిహారం చాలదనుకుంటే జిల్లా జడ్జి దగ్గరకు పోవచ్చు. కొబ్బరిచెట్టు నాటకూడని భూమి కోనసీమ రైతుకు ఎందుకు అన్నది వేరే ప్రశ్న. అయినా అతని చేతిలో ఒక కాగితమైతే ఉంది.

గట్టు ఇవతల ఇల్లున్న మనిషి ఏ ఒప్పందంలోనూ లేడు. అతని స్థలం ఎవరూ తీసుకోలేదు కనుక అతనికి నోటీసు రాదు. కౌలు సొమ్మూ రాదు. అదే హోరు, అదే వేడి మాత్రం అతని ఇంటికీ వస్తాయి.

నోరు విప్పే చోటు కూడా ఇరుకైంది. చమురు, గ్యాసు ఉందో లేదో చూసే అన్వేషణ తవ్వకాలకు 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ నిబంధన మార్చింది. వాటికి ప్రజాభిప్రాయ సేకరణ సభ అక్కరలేకుండా పోయింది. ఉత్పత్తి దశకు వచ్చాక సభ పెడతారు. అప్పటికి రిగ్గు ఒకసారి వచ్చి వెళ్లిపోయి ఉంటుంది.

పగులుకు కారణాలు అనేకం

ప్రతి పగులూ బావి వల్లే వచ్చిందనడం న్యాయం కాదు. మనది డెల్టా నేల. నల్లబంక మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. పునాది లోతు చాలకపోతే బావి లేని ఊళ్లోనూ గోడ పగులుతుంది. చేలల్లో నీరు నిలిస్తే నేల దిగిపోయిందని కొందరు అంటున్నారు. అందులో పూడిపోయిన డ్రెయిన్ల పాలు ఎంతో, సముద్రపు పోటు పాలు ఎంతో కూడా చూడాలి. శంకరగుప్తం డ్రెయిను వెంట కొబ్బరిచెట్లు తలలు వాల్చడానికి ఉప్పునీరు కారణమన్నది అందరూ చూసిందే.

అయితే కారణాలు కలిసిపోయి ఉన్నాయి కాబట్టే కొలతలు కావాలి. నేల మట్టం ఏటా ఎంత ఉందో, బావికి ముందు గోడలు ఎలా ఉన్నాయో, నూతినీరు ఎలా ఉందో రాసిపెట్టి ఉంటే బావి తప్పు లేదని కూడా తేలవచ్చు. ఆ కొలతలు తీయగల పరికరాలు, ఇంజనీర్లు తవ్వేవారి దగ్గరే ఉన్నారు. ఇంటివాడి దగ్గర ఉన్నది టేపూ, తాపీమేస్త్రీ మాటా మాత్రమే. ఏమీ లేనివాడినే రుజువు తెమ్మంటే అతని ఫిర్యాదు అక్కడితో ముగిసినట్టే.

గ్రోనింగెన్ పాఠం

ఈ చిక్కు మనకొక్కరికే రాలేదు. నెదర్లాండ్స్ దేశంలో గ్రోనింగెన్ అనే ప్రాంతం కింద 1959లో పెద్ద గ్యాసు నిల్వ దొరికింది. దశాబ్దాల పాటు గ్యాసు తీశాక అక్కడ నేల కుంగి చిన్న భూకంపాలు మొదలయ్యాయి. 2012 ఆగస్టులో 3.6 తీవ్రతతో వచ్చిన కుదుపుతో చాలా ఇళ్ల గోడలు పగిలాయి. తగాదాలు పెరిగాక అక్కడి ప్రభుత్వం చట్టం మార్చింది. ఆ ప్రాంతంలో అటువంటి పగులు కనబడితే గ్యాసు తీయడం వల్లే వచ్చిందని ముందు అనుకోవాలి. కాదంటే ఆ సంగతి తవ్వినవారే రుజువు చేయాలి. 2023 అక్టోబరులో అక్కడ గ్యాసు తీయడమే ఆపేశారు.

అక్కడి భూగర్భం వేరు, మనది వేరు. అక్కడ జరిగినదే ఇక్కడా జరుగుతుందని చెప్పడానికి లేదు. మనం తీసుకోవలసింది ఆ న్యాయసూత్రాన్నే. ఎవరి దగ్గర కొలతలు ఉన్నాయో, రుజువు భారం వారి మీదే ఉండాలి.

రాయల్టీ ఎటు పోతోంది?

నేల మీద తవ్విన చమురు, గ్యాసులపై రాయల్టీ రాష్ట్ర ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది. బొగ్గు, సున్నపురాయి వంటి గనులున్న ప్రాంతాలకు 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది. గని వల్ల నష్టపోయిన ఊళ్లకు ఆ సొమ్ము ఖర్చు చేయాలి. ఆ గనుల చట్టం నుంచి చమురు, గ్యాసులను మినహాయించారు కనుక గ్యాసు ఊళ్లకు ఆ నిధి లేదు. సంస్థలు సామాజిక బాధ్యత పేరిట బడి గదులు కట్టిస్తున్నమాట నిజమే. కానీ అది వారి ఇష్టం మీద ఇచ్చేది, ఊరి హక్కుగా వచ్చేది కాదు.

చేయవలసినవి

రిగ్గు దిగకముందే చుట్టుపక్కల ఇళ్ల గోడలు, నుయ్యిల నీరు తనిఖీ చేసి ఒక ప్రతి ఇంటివారికి, ఒక ప్రతి పంచాయతీకి ఇవ్వాలి. నేల మట్టం కొలతలు ఏటా తీసి పంచాయతీ బోర్డు మీద అంటించాలి. రాయల్టీలో కొంత భాగం బావులున్న పంచాయతీలకు చట్టప్రకారం రావాలి. వీటిలో మొదటి రెంటికీ కొత్త చట్టం అక్కరలేదు. జిల్లా కలెక్టరు పూనుకుంటే చాలు.

అంతవరకు ఇళ్లవారు తమ జాగ్రత్తలో తాముండాలి. సర్వే వారు ఊళ్లోకి రాగానే గోడలకు తేదీతో ఫొటోలు తీసి పెట్టుకోవాలి. అర్జీ ఇచ్చినప్పుడు రసీదు అడిగి తీసుకోవాలి. పైపులైను గుర్తు స్తంభం మీది ఫోను నెంబరు ఇంట్లో గోడ మీద రాసుకోవాలి. గ్యాసు లీకైనట్టు అనుమానం వస్తే పొయ్యి వెలిగించకూడదు, లైటు స్విచ్చి కూడా ముట్టకూడదు. గాలి వచ్చే వైపుకు నడిచి దూరంగా వెళ్లిపోవాలి. వాసన రాలేదని ధీమా పనికిరాదు. సహజవాయువుకు స్వతహాగా వాసన లేదు, వంటింటికి వచ్చేదానికి ఆ వాసన కలుపుతారు.

దేశానికి గ్యాసు కావాలనడంలో ఎవరికీ పేచీ లేదు. ఆ గ్యాసుతో ఎక్కడెక్కడో పొయ్యిలు వెలుగుతున్నాయి. బావి పక్క వంటింటి గోడ ఎందుకు పగిలిందో చెప్పేవారు మాత్రం లేరు. ఇకపై వచ్చే ప్రతి బావికీ ముందు చుట్టుపక్కల గోడల లెక్క రాయించాలని, ఆ పని ఇప్పుడున్న బావుల దగ్గర నుంచే మొదలుపెట్టాలని ఇళ్లవారు కోరుతున్నారు.